రక్తం ఇచ్చే రెడ్‌క్రాస్‌కి చెట్లతో ఏం పని?



రెడ్‌క్రాస్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? కాలేజీలో బ్లడ్ డొనేషన్ క్యాంప్. చేతిలో ఒక స్పాంజ్ బాల్, తర్వాత జ్యూస్ ప్యాకెట్, రెండు బిస్కెట్లు, ఒక సర్టిఫికెట్. బీటెక్ చదివినన్నాళ్లూ నాకు తెలిసిన రెడ్‌క్రాస్ కూడా అంతే. మన సిక్కోలు, విజయనగరం వాళ్లకైతే ఇంకోటి కూడా గుర్తొస్తుంది: తుఫాను. టార్పాలిన్లు, దుప్పట్లు, వంట గిన్నెల కిట్లు.

ఈ సంస్థ 2021లో ఒక పని చేసింది. వాతావరణం, పర్యావరణం మీద ఒక చార్టర్ రాసి, మేం ఇవి చేస్తాం అని సంతకం పెట్టింది. మొత్తం ఏడు హామీలు. యుద్ధంలో గాయపడ్డవాళ్లకి కట్లు కట్టడానికి పుట్టిన సంస్థ చెట్లు, కార్బన్, డీజిల్ గురించి ఎందుకు మాట్లాడుతోంది? ఫ్యాషన్ కోసమా, ఫండ్స్ కోసమా? జవాబు కావాలంటే 160 ఏళ్లు వెనక్కి వెళ్లి, తిరిగి మన ఉద్దానం రావాలి. పదండి.

1859 జూన్ 24. ఉత్తర ఇటలీలో సోల్ఫెరినో అనే ఊరు. ఒకవైపు ఆస్ట్రియా సైన్యం, ఇంకోవైపు ఫ్రాన్స్, సార్డీనియా సైన్యాలు. ఒక్క రోజు యుద్ధంలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, కనపడకుండా పోయినవాళ్లు కలిపి దాదాపు 40 వేల మంది. ఆ టైమ్‌కి అక్కడికి హెన్రీ డ్యూనాంట్ అనే స్విట్జర్లాండ్ వ్యాపారి వచ్చాడు. ఆయనేమీ సేవ చెయ్యడానికి రాలేదు. అల్జీరియాలో తన వ్యాపారానికి పర్మిషన్ల కోసం ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌ని కలవాలని బయల్దేరాడు. తీరా చూస్తే పక్కనే ఉన్న కాస్టిగ్లియోనే ఊళ్లో చర్చిల నిండా గాయాలతో మూలుగుతున్న సైనికులు. డాక్టర్లు లేరు, నీళ్లిచ్చే దిక్కు లేదు. ఊళ్లో ఆడవాళ్లని కూడగట్టి, ఏ దేశం సైనికుడు అని చూడకుండా అందరికీ సేవ చేశారు.

1862లో ఆయన దాని మీద ఒక పుస్తకం రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించి, యూరప్‌లో పెద్దవాళ్లందరికీ పంపాడు. అందులో రెండు ప్రతిపాదనలు చేశాడు. ఒకటి, గాయపడ్డవాళ్లని, వాళ్లకి సేవ చేసేవాళ్లని కాపాడేలా దేశాలన్నీ ఒక ఒప్పందం చేసుకోవాలి. రెండోది, ప్రతి దేశంలో సహాయ సంఘాలు ఉండాలి, వాటిని యుద్ధం వచ్చాక కాదు, శాంతి ఉన్నప్పుడే తయారు చేసి పెట్టుకోవాలి.

ఈ రెండోదాన్ని గుర్తు పెట్టుకోండి, ఈ ఎపిసోడ్ అంతా దాని మీదే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. సర్వర్ పడిపోయాక బ్యాకప్ ఎలా తియ్యాలా అని ఆలోచిస్తే లాభం లేదు. అంతా బాగున్న రోజే తీసి పెట్టుకోవాలి. డ్యూనాంట్ 1862లో చెప్పింది అదే.

1863లో జెనీవాలో ఐదుగురితో కమిటీ ఏర్పడింది. 1864లో మొదటి జెనీవా ఒప్పందం మీద 12 దేశాలు సంతకాలు చేశాయి. డ్యూనాంట్ మాత్రం 1867లో వ్యాపారం దివాలా తీసి, సొంత ఊళ్లో పరువు పోయి, ఏళ్ల తరబడి పేదరికంలో గడిపాడు. చివరికి 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చినప్పుడు ఫ్రెడెరిక్ పాసీతో పాటు ఆయనకీ ఇచ్చారు. ఆ కథకి వేరే ఎపిసోడ్ చెయ్యొచ్చు.

ఇక్కడ ఒక చిన్న క్లారిటీ. రెడ్‌క్రాస్ అంటే ఒక్క ఆఫీసు కాదు. యుద్ధాలు చూసేది జెనీవాలోని అంతర్జాతీయ కమిటీ. తుఫాన్లు, భూకంపాలు, అంటురోగాలు చూసేది 1919లో పుట్టిన సమాఖ్య. దాని కింద దేశానికొక సొసైటీ. మన ఇండియన్ రెడ్‌క్రాస్ 1920లో చేసిన చట్టంతో ఏర్పడింది. దానికి అధ్యక్షులు రాష్ట్రపతి. మన రాష్ట్ర శాఖకి గవర్నర్, జిల్లా శాఖకి కలెక్టర్. అంటే శ్రీకాకుళంలో, విజయనగరంలో కలెక్టర్ గారి టోపీల్లో ఇది కూడా ఒకటి.

ఇప్పుడు ఈ సంస్థ చరిత్రలో చీకటి పేజీ ఒకటి చెప్పాలి. రెడ్‌క్రాస్ పద్ధతి ఏంటంటే ఎవరి పక్షమూ తీసుకోదు, బయటికి ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే ఖైదీల దగ్గరికి, గాయపడ్డవాళ్ల దగ్గరికి రానివ్వరని భయం. ఆ భయంలో న్యాయం ఉంది. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదులని రైళ్లలో తరలిస్తున్నారని కమిటీకి సమాచారం ఉంది. ఒక బహిరంగ విజ్ఞప్తికి ముసాయిదా కూడా తయారైంది. 1942 అక్టోబరు 14న సమావేశమై, దాన్ని విడుదల చెయ్యకూడదని నిర్ణయించారు. కొన్ని దశాబ్దాల తర్వాత అది తమ వైఫల్యమేనని ఆ సంస్థే ఒప్పుకుంది. ఇదెందుకు చెప్పానో కాసేపట్లో తెలుస్తుంది.

ఇక మన తీరానికి వద్దాం. బంగాళాఖాతం చుట్టూ ఉన్నవాళ్లకి తుఫాను ఎంత పాతదో, దాన్నుంచి ప్రాణాలు కాపాడుకోవడం అంత కొత్తది. 1970లో ఇప్పటి బంగ్లాదేశ్‌లో భోలా తుఫాను మూడు లక్షల మందికి పైగా చంపింది. 1977 నవంబరు 19న మన దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. 1999 అక్టోబరులో ఒడిశా సూపర్ సైక్లోన్‌లో దాదాపు పది వేల మంది.

భోలా తర్వాత బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం, రెడ్‌క్రాస్ కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. ఊరికి కొంతమంది వాలంటీర్లు. వాళ్ల చేతిలో మైకు, సైకిలు, జెండా. తుఫాను వస్తోందంటే ఇంటింటికీ తిరిగి చెప్పి, జనాన్ని షెల్టర్‌కి నడిపించడం వాళ్ల పని. అంతే, పెద్ద టెక్నాలజీ ఏమీ లేదు. దివిసీమ తర్వాత మన దగ్గర కూడా తుఫాను షెల్టర్లు కట్టడం ఊపందుకుంది, కట్టినవాళ్లలో రెడ్‌క్రాస్ ఉంది. 1999 నాటికి ఒడిశా తీరంలో జర్మన్ రెడ్‌క్రాస్ సాయంతో కట్టిన షెల్టర్లు 23 ఉన్నాయి. ఆ రాత్రి వాటిలో తలదాచుకుని వేల మంది బతికారు. డ్యూనాంట్ రెండో ప్రతిపాదన కాంక్రీటు రూపంలో కనిపించేది ఇక్కడే.

ఇప్పుడు 2013 అక్టోబరు 12. ఫైలిన్, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. బలంలో 1999 తుఫాను పక్కన పెట్టగలిగినదే. కానీ ముందే లక్షల మందిని తరలించారు కాబట్టి చనిపోయినవాళ్ల లెక్క వేలల్లోంచి పదుల్లోకి వచ్చింది. వాతావరణ శాఖ, ప్రభుత్వాలు, రెడ్‌క్రాస్ లాంటి సంస్థలు, ఊళ్లలో జనం, అందరూ కలిసి సాధించిన విజయం ఇది.

మరి సమస్య తీరిపోయినట్టేనా? లేదు. ఉద్దానం వెళ్లి చూడండి.

సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, విజయనగరం జిల్లాలో భోగాపురం, పూసపాటిరేగ వైపు పల్లెలు దెబ్బతిన్నాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పలాస దగ్గర గంటకి 140, 150 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం అయిపోయాయి. వంశధారకి వరద. సరిహద్దు దాటి ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియ విరిగిపడి, వానకి తలదాచుకున్నవాళ్లు పది మందికి పైగా చనిపోయారు. హెచ్చరికలన్నీ సముద్రం వైపు చూస్తుంటే ప్రమాదం కొండ మీద నుంచి వచ్చింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. మన పొడుగు రకం కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఫైలిన్‌కి చెట్టు పోయింది, కొత్త మొక్క నాటారు అనుకుందాం. 2013 నుంచి 2018 అంటే ఐదేళ్లు. ఆ మొక్క మొదటి కాయ కాయకముందే తిత్లీని చూసింది. మనిషి షెల్టర్‌లో దాక్కుని బతికాడు, చెట్టుకి షెల్టర్ లేదు. ఉద్దానంలో చెట్టంటే పిల్లల ఫీజు, ఆస్పత్రి ఖర్చు, అమ్మాయి పెళ్లి. తోట పోతే కొడుకు వలస బస్సు ఎక్కుతాడు. తుఫాను మృతుల జాబితాలో ఆ కుటుంబం పేరుండదు. ప్రాణం నిలిచింది కాబట్టి విజయం అని రాసుకుంటాం.

ప్రపంచమంతా రెడ్‌క్రాస్‌కి ఎదురైన సమస్య ఇదే. ఒక విపత్తు నుంచి లేచేలోపు ఇంకోటి వస్తోంది. సముద్రం వేడెక్కే కొద్దీ తుఫాన్ల బలం పెరుగుతుందని సైన్స్ చెప్తోంది. టార్పాలిన్ ఎన్నిసార్లు ఇస్తారు? అందుకే 2002లోనే నెదర్లాండ్స్‌లో ఒక క్లైమేట్ సెంటర్ పెట్టారు. వియత్నాంలో 1994 నుంచే అక్కడి రెడ్‌క్రాస్ తీరం పొడవునా మడ అడవులు పెంచడం మొదలుపెట్టింది. దాదాపు తొమ్మిది వేల హెక్టార్ల మడ నిలబడి, వెనక ఉన్న సముద్రపు కట్టలకి రక్షణ అయింది. అందులోని పీతలు, రొయ్యలు జనానికి ఆదాయం కూడా అయ్యాయి. 2018లో సమాఖ్య ఇంకో అడుగు వేసింది: విపత్తు వచ్చాక కాదు, సూచన రాగానే డబ్బు విడుదల చేసే పద్ధతి. వరద రాకముందే చేతికి డబ్బొస్తే ఆవుని అయినకాడికి అమ్ముకోకుండా మెరకకి తోలుకుపోవచ్చు.

ఇక 2021 చార్టర్. ఏడు హామీలు మామూలు మాటల్లో చెప్తాను. పెరుగుతున్న అవసరాలకి తగ్గట్టు సాయం పెంచి, మారుతున్న వాతావరణానికి జనం తట్టుకునేలా చెయ్యడం. మన పని వల్ల పర్యావరణానికి జరిగే నష్టం తగ్గించడం. స్థానికుల నాయకత్వంలో నడవడం. ప్రమాదాల్ని సైన్స్‌తో అర్థం చేసుకోవడం. అందరితో కలిసి పనిచెయ్యడం. వాతావరణం కోసం గట్టిగా గొంతెత్తడం. లక్ష్యాలు పెట్టుకుని కొలవడం. వందల సంస్థలు దీని మీద సంతకం చేశాయి.

గొంతెత్తడం అన్న హామీ చూశారా? 1942లో మౌనంగా ఉండిపోయిన సంస్థ, ఈ విషయంలో మౌనంగా ఉండం అని రాసుకుంది. నాకు ఈ చార్టర్‌లో చాలా బరువైన వాక్యం అదే అనిపించింది.

రెండో హామీ కూడా చిన్నదేం కాదు. సాయం చేసే సంస్థ నడిచేది దేని మీద? విమానాలు, డీజిల్ జీపులు, జనరేటర్లు. అంతర్జాతీయ కమిటీ 2030 నాటికి తన కార్బన్ ఉద్గారాలు 2018తో పోలిస్తే కనీసం సగానికి తగ్గిస్తామని చెప్పింది. మన ఊళ్ల స్థాయిలో ఆలోచించండి. తుఫాను తర్వాత సహాయం కింద వచ్చిన నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ కవర్లు నెల తర్వాత ఎక్కడ తేలతాయి? మన గెడ్డల్లో, కాలవల్లో.

అయితే గుడ్డిగా చప్పట్లు కొట్టక్కర్లేదు. ఈ చార్టర్‌కి చట్టబద్ధత లేదు, మాట తప్పితే కోర్టుకి లాగలేం. 2023లో నిధులు తగ్గి అంతర్జాతీయ కమిటీ వేల ఉద్యోగాలు తీసేయాల్సి వచ్చింది. యుద్ధాలు పెరుగుతుంటే, డబ్బు తగ్గుతుంటే, సోలార్ ప్యానెల్ ముందా మందులు ముందా అన్న ప్రశ్న నిజంగానే వస్తుంది. అందులో నేను మందుల వైపే ఉంటాను. కానీ మన తీరంలో ఈ రెండింటికీ పోటీ లేదు. ఇక్కడ చెట్టు నిలబెట్టడమే సాయం. తీరంలో సరుగుడు, తాటి, మొగలి వరసలు నిలిస్తే గాలి కొంత ఆగుతుంది. కొబ్బరి కాపుకొచ్చేదాకా మధ్యలో వేరే పంట ఉంటే ఇల్లు కొంత గడుస్తుంది.

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. అక్టోబరు ప్రతి ఏడాదీ వస్తుంది. మనం చెయ్యగలిగింది ఒకటి చెప్తాను. మీ జిల్లా రెడ్‌క్రాస్ శాఖలో వాలంటీర్‌గా చేరండి. రక్తం ఇవ్వడంతో ఆగకండి. మే, జూన్ నెలల్లో, ఆకాశం ప్రశాంతంగా ఉన్నప్పుడే, ఈ ప్రశ్నలు అడగండి: మా ఊరి షెల్టర్ తాళం ఎవరి దగ్గరుంది? కొండ మీది ఊళ్లకి కబురు ఎవరు చెప్తారు? పోయిన తుఫానుకి నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయి?

మూడో ప్రశ్నకి జవాబు దొరకడం కష్టం. ఎందుకంటే నాటినప్పుడు ఫోటో తీస్తారు, ఐదేళ్ల తర్వాత ఎవరూ లెక్కపెట్టరు. ఆ లెక్క మనం మొదలుపెట్టొచ్చు, ఫోన్ చేతిలోనే ఉంది కదా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.