శ్రద్ధ, స్వస్థత, లోకహితం: జగ్గయ్యపేట–నందిగామ సీమ చారిత్రక సాక్ష్యం

'శ్రత్' అనగా సత్యమని వైదిక నిఘంటువు తెలుపుచున్నది. సత్యమునందు చిత్తాన్ని నిలుపుటయే శ్రద్ధ. భగవద్గీత పదునేడవ అధ్యాయం ఈ శ్రద్ధను సాత్త్విక, రాజస, తామస భేదాలతో విభజించినది. కావున ఒకనికి శ్రద్ధ కలదని తెలిసినంత మాత్రాన విచారణ ముగియదు. అది ఎట్టిది, ఎవరికి క్షేమం కలిగించుచున్నది అనునది కూడ పరిశీలించవలెను. ఈ పరిశీలనకు కృష్ణా మండలపు మెట్ట భూములు, అనగా నేడు ఎన్టీఆర్ జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు, మూడు కాలాల సాక్ష్యాలను అందించుచున్నవి.

జగ్గయ్యపేట సమీపాన ధనంబోడు అను దిబ్బపై ప్రాచీన బౌద్ధస్తూపం ఉన్నది. 1882లో జేమ్స్ బర్జెస్ దానిని త్రవ్వించి పరిశోధించెను. అచ్చట లభించిన స్తంభశాసనం ఇక్ష్వాకు వంశజుడగు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యసంవత్సరం నాటిది, అనగా క్రీ.శ. మూడవ శతాబ్దికి చెందినది. నాగచంద్రుని కుమారుడైన సిద్ధార్థుడను శిల్పి, తన తల్లిని, భార్యను, బిడ్డలను, సోదరుని కలుపుకొని, వెలగిరి గ్రామ మహాచైత్యపు తూర్పు ద్వారమున ఐదు ఆయక స్తంభాలను ప్రతిష్ఠించెను. దాత మహారాజు కాదు, శ్రమజీవి. అయినను ఆతడు దానఫలాన్ని తన యింటికే పరిమితం చేసికొనలేదు. సమస్త ప్రాణుల హితసుఖాల కొరకు ఈ దానమని శాసనం ప్రకటించుచున్నది. వీరపురుషదత్తుని తండ్రి చాంతమూలుడు అశ్వమేధ, వాజపేయాది వైదిక క్రతువులు నిర్వహించిన వాడు. ఆ రాజకుటుంబపు స్త్రీలు నాగార్జునకొండలో బౌద్ధ చైత్య విహారాలను పోషించిరి. ఒకే గృహంలో యజ్ఞవేదికయు చైత్యమును గౌరవం పొందిన కాలమది.

ఆ స్తూపం వద్ద దొరికిన మాంధాతృ చక్రవర్తి శిల్పఫలకం కూడ సుప్రసిద్ధం. ఆకాశం నుండి నాణెములు వర్షించుచుండ నిలిచిన సార్వభౌముడు అందు గోచరించును. స్వర్గంలో ఇంద్రుని అర్ధాసనం లభించినను తృప్తి చెందక పతనమైన వానిగా బౌద్ధకథ ఆతనిని వర్ణించినది. ధనవర్షం నడుమ శాంతి లేని చక్రవర్తి, ఐదు స్తంభాలతో తృప్తి చెందిన శిల్పి, ఇరువురును ఒకే దిబ్బపై కనబడుట గమనింపదగినది.

రెండవ సాక్ష్యం మునేటి తీరాన గల పెనుగంచిప్రోలు శ్రీ తిరుపతమ్మ అమ్మవారి చరిత్ర. స్థలగాథ ననుసరించి, కాకాని గోపయ్యకు ఇల్లాలైన ఆ సాధ్వి అత్తింట నిందల పాలై, కుష్ఠురోగం సోకగా పశువుల పాకకు వెడలగొట్టబడెను. బంధువులు విడిచిన ఆమెకు సేవ చేసినది పాపమాంబ. ఇచ్చట భక్తులు నిలిచి ఆలోచించవలెను. రోగిని గృహం నుండి త్రోసివేసిన వారికిని ఆచారం, దైవభీతి ఉండియే యుండును. పాపమాంబకు ఉన్నది కరుణ. కాలం పూజించినది ఆ కరుణను పొందిన తల్లిని. కుష్ఠువు నేడు ఔషధాలతో పూర్తిగా నయమగు వ్యాధి. రోగికి మందును, మనుష్యుల ఆదరణను దూరం చేయునది ఏ పేరుతో పిలువబడినను శ్రద్ధ కానేరదు.

రెండేండ్లకొకసారి పెనుగంచిప్రోలు నుండి అమ్మవారి, స్వామివారి విగ్రహాలను రంగుల ఉత్సవానికై జగ్గయ్యపేటకు తీసికొనిపోవుదురు. దేవత తానే శిల్పకారుల వాకిటికి వచ్చు ఈ సంప్రదాయంలో సిద్ధార్థ శిల్పి వారసత్వం మరల జీవించుచున్నట్లు తోచును.

మూడవది రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుని వృత్తాంతం. 1783 నుండి 1816 వరకు జమీందారీని ఏలిన ఈ ప్రభువు, బేతవోలు చెంత తన తండ్రి జగ్గయ్య పేరిట పేటను వెలయించెను. మంగళగిరిలో 1807–09 నడుమ నిర్మించిన మహాగోపురం ఆతని కీర్తికి నిదర్శనం. కాని ప్రజలలో నిలిచిన గాథ మరియొకటి కలదు. దోపిడులు అణచు నెపంతో నూట యాభై మంది చెంచులను విందుకు పిలిచి వధింపజేసెననియు, అటుపిమ్మట భోజనానికి కూర్చున్నప్పుడెల్ల అన్నం పురుగులై కనబడెననియు, తుదకు అమరేశ్వరుని శరణు జొచ్చెననియు చెప్పుదురు.

గోపురాలు కట్టించుటచే ఆ చెంచుల ప్రాణాలు తిరిగి రాలేదు. ఈ సత్యాన్ని భక్తి పేరిట మరుగుపరచరాదు. అయితే రాజదండం ఎవ్వరికిని జవాబు చెప్పనవసరం లేని ప్రభువును, ఆతని అంతఃకరణమే విచారించి శిక్షించినది. పాపాన్ని పాపమని గుర్తింపజేయుట శ్రద్ధ చేయు ప్రథమోపకారం. చేసిన హానికి ప్రతిగా ఎవరికి హాని జరిగెనో వారికే మేలు చేయుట దాని పరిపూర్తి. ఆ గాథలో మొదటిది కలదు, రెండవది వినబడదు. అందుచేతనే అది నేటికిని మనలను కలవరపెట్టుచున్నది.

శిల్పి సంకల్పం, పాపమాంబ సేవ, ప్రభువు పశ్చాత్తాపం, ఈ మూడును శ్రద్ధను కొలుచుటకు ఉపకరించు ప్రమాణాలు. గీతాచార్యుడు బోధించిన లోకసంగ్రహం దీనికి భిన్నం కాదు. దీపం వెలిగించిన పిమ్మట, ఆ వెలుగులో ఇంటనున్న రోగి, ముంగిటనున్న ఆకలిగొన్నవాడు, మనచే నొచ్చినవాడు కనబడుచున్నారా అని ప్రతి సాధకుడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.