ఇంజనీర్స్ డే స్టేటస్‌లో రాయని ముక్క

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల బోట్ల ఇంజన్ల చప్పుడు వస్తే ఏమనుకోకండి.

సెప్టెంబర్ 15 వచ్చిందంటే మన స్టేటస్‌లన్నిటిలో ఒకటే తలపాగా ఫోటో. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. పుట్టింది కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. పూర్వీకులది మాత్రం మన గిద్దలూరు వైపు మోక్షగుండం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ చదువుకున్నారు. పూనాలో ఇంజనీరింగ్ చదివింది మైసూరు ప్రభుత్వ సాయంతో. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగం చేస్తూ ఆటోమేటిక్ గేట్లు కనిపెట్టారు. వరద ఒక మట్టం దాటితే వాటంతట అవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. 1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్‌కి పెట్టారు. పేటెంట్ ఆయనదే. కానీ తను జీతం తీసుకుంటున్న ప్రభుత్వం దగ్గర రాయల్టీ తీసుకోలేదు.

1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల మంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం ఈయన్ని పిలిపించింది. వరదని ఊళ్లో కాదు, పైనే ఆపాలన్నారు ఈయన. అలా వచ్చినవే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్.

1912లో మైసూరు దివాన్ అయ్యారు. 1917లో బెంగళూరులో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టించారు. అయితే బ్రాహ్మణేతరులకి ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వాలని మహారాజు అనుకుంటే ఈయన ఒప్పుకోలేదు. ప్రతిభ తగ్గిపోతుందన్నారు. దివాన్ పదవి వదిలేయడానికి అదొక ముఖ్య కారణం.

ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించలేను. వేట మీద బతికే ఇళ్లలోంచి మొట్టమొదటిసారి ఇంజనీరింగ్ దాకా వెళ్లిన పిల్లలు మా హార్బర్ చుట్టుపక్కల ఉన్నారు. రిజర్వేషన్‌తో సీటొచ్చింది, ఫీజు ప్రభుత్వం కట్టింది. పరీక్ష పాసైంది మాత్రం వాళ్లే. పూనాలో విశ్వేశ్వరయ్య గారికి జరిగిందీ ఇంచుమించు ఇదే కదా? ప్రభుత్వ సాయం వల్ల ఆయన ప్రతిభేమీ తగ్గలేదు.

ఆయన మీద గౌరవం ఉంచుకుని కూడా ఈ మాట అడగొచ్చు. ఈసారి స్టేటస్ పెట్టేటప్పుడు, ఆ ఫోటో కింద పూనా చదువు సంగతి కూడా ఒక లైన్ రాయండి.