పలుచని కార్నియా, లేజరు చికిత్స: ఒక అనుభవచరిత్ర

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు సీమ 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రమునుండి విడివడి మైసూరులో చేరినను, సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపులలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు పెద్దవైద్యమనగా నేటికిని హైదరాబాదే స్ఫురించును. 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు ఎల్.వి. ప్రసాద్‌గారి పేర అచ్చట నేత్రవైద్యసంస్థను నెలకొల్పిన పిదప ఆ దారి మరింత సుగమమైనది. పెండ్లికి ముందో, పోలీసు ఉద్యోగపరీక్షకు ముందో కంటద్దములు వదలించుకొనగోరి పోవు యువతీయువకులలో కొందరికి “మీ కార్నియా (కంటి ముందరి పారదర్శకపు పొర) పలుచన, లేజరు వలదు” అను మాట ఎదురగును. ఆ మాట వెనుక ఎందరి కన్నులో చెల్లించిన మూల్యమున్నది.

ఎక్సైమర్ లేజరు కిరణములు చుట్టుపట్ల కణజాలమును కాల్చకయే కార్నియాను చెక్కగలవని 1983లో స్టీఫెన్ ట్రోకెల్ చూపగా, 1990 ప్రాంతమున గ్రీసు వైద్యుడు పల్లికారిస్ పైపొరను రేకువలె లేపి, లోపల చెక్కి, తిరిగి కప్పు లేసిక్ పద్ధతిని రూపొందించెను. నొప్పి స్వల్పము, మరునాటికే చూపు స్పష్టము. ఇంక లోకము దాని వెంటపడుటలో వింత లేదు. కాని 1998లో థియో సైలర్ ప్రభృతులు, చికిత్సానంతరము కార్నియా క్రమముగా ముందునకు ఉబ్బి చూపు చెడిన రోగులను గూర్చి ప్రకటించిరి. కొందరిలో ఆ ఉబ్బు ఏండ్లు గడచిన పిమ్మటగాని బయటపడలేదు.

మధ్యభాగమున కార్నియా మందము సామాన్యముగా 540 మైక్రాన్లు, అనగా అరమిల్లీమీటరునకు కొంచె మెక్కువ. 480 మాత్రమే యున్న కంట రేకునకు 160 పోయి, ఆరు పాయింట్ల హ్రస్వదృష్టికై 80 చెక్కినచో, మిగులునది 240. వైద్యులు కనీసమని నిర్ణయించుకొన్న 250కి అది తక్కువ. అయినను మందమొక్కటే ప్రమాణము కాదని తరువాతి పరిశీలనలు తేల్చినవి. గడ్డమును పీటపై ఆన్చి కూర్చున్న రోగి కార్నియా వంపులను రంగులలో చూపు పటము తెరపై వచ్చినపుడు, దిగువభాగమున ఎఱ్ఱని మచ్చ కానవచ్చినచో, మందము చాలినంత యున్నను వెనుదీయుటయే ధర్మము. పటము నిర్దుష్టముగా నుండి, పవరు స్వల్పమైనచో, రేకు లేపని పీఆర్‌కే చికిత్స పొందిన పలుచని కన్నులు పెక్కు ఏండ్లతరబడి నిలకడగా నున్నవి. కొందరికి మాత్రము హ్రస్వదృష్టి కొంత తిరిగివచ్చును. ఉబ్బిన కార్నియాను రైబోఫ్లేవిను చుక్కలతోను, అతినీలలోహిత కాంతితోను గట్టిపరచు విధానమును 2003లో డ్రెస్డెన్ వైద్యులు ప్రకటించిరి. అది క్షీణతను నిలుపునే కాని పోయిన ఆకృతిని పూర్తిగా తేజాలదు.

చికిత్స చేయించుకొన్నవారికి ఒక విన్నపము. చెక్కిన కార్నియాపై కంటి ఒత్తిడి ఉన్నదానికన్న తక్కువగా కనబడి గ్లాకోమాను మరుగుపరచగలదు. ముదిమిలో శుక్లము తీసి లెన్సు పెట్టునపుడును పాత కొలతలు అక్కరకు వచ్చును. కావున చికిత్సకు ముందటి కాగితములను ఇంటి పత్రములతోబాటు భద్రపరచుకొనుడు.