బేగంపేట నల్లరేణువు

పటాన్‌చెరు నుండి సికిందరాబాదునకు పోవు దారిలో బేగంపేట కలదు. 1897 ఆగస్టు 20న అచ్చట రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి చూడగా, దాని పొట్టగోడలోని కణములలో నల్లని రేణువులు కనబడెను. 1880లో లవెరాన్ రోగుల రక్తమున చూచిన క్రిమిలోనివియు అట్టివే. ఆ పోలికయే దోమను పట్టియిచ్చెను.

ఆ నలుపు మన రక్తమునుండి వచ్చినదే. ఎర్రకణములోని హిమోగ్లోబినును మేయు క్రిమికి అందలి ఇనుముగల హీము విషము. కావున దానిని స్ఫటికముగా గట్టిపరచి ప్రక్కకు నెట్టును.

విడిపడిన హీము మన దేహమునకును చేటే. ఎర్రకణములు రక్తనాళములలో పగిలినపుడు హిమోగ్లోబినును హాప్టోగ్లోబిన్, హీమును హీమోపెక్సిన్ అను మాంసకృత్తులు పట్టుకొనును. రెండింటిని ప్రధానముగా తయారుచేయునది కాలేయమే. హాప్టోగ్లోబిన్ పట్టినదానిని కాలేయ ప్లీహములలోని భక్షకకణములు మ్రింగును. హీమోపెక్సిన్ మోసికొని వచ్చిన హీమును కాలేయకణములు గ్రహించి, ఇనుమును దాచుకొని, మిగిలినదానిని పసుపువన్నె పదార్థముగా మార్చి పైత్యరసముతో వెలికి పంపును.

మలేరియా ముదిరినచో కణములు కోట్లకొలది పగులును. ఈ కావలివారు చాలరు. అపుడు మూత్రము నల్లబడును, మూత్రపిండములు దెబ్బతినును.

రాస్ 1902లో నోబెల్ బహుమానమందెను. ఆయన చూపిన జాడ మనకు నేర్పునది ఇది: జ్వరము తగిలిన తొలినాడే రక్తపరీక్ష చేయించుకొని చికిత్స పొందినచో, కాలేయమునకు మోయలేని భారము తప్పును.