ఫ్లాపీ కడుపులో తుడిచే గుడ్డ

కంప్యూటర్ల చరిత్రలో మన ఇంట్లో రోజూ చేసే దుమ్ము దులుపుడుకి కూడా చోటుందంటే మొదట నేనూ నమ్మలేదండీ.

1967లో అమెరికాలో, శాన్ హోసేలోని ఐబీఎం వాళ్ళకి ఒక చిక్కు వచ్చింది. పెద్ద కంప్యూటర్లు ఆపి మళ్ళీ పెట్టినప్పుడల్లా లోపలి ఆదేశాలన్నీ తిరిగి ఎక్కించాలి. దానికి చవగ్గా, పోస్టులో పంపుకునేలా ఏదైనా కావాలి. డేవిడ్ నోబుల్ బృందం పల్చటి ప్లాస్టిక్ బిళ్ళకి ఐరన్ ఆక్సైడ్ పూసి తయారుచేసింది. దుమ్ము పడితే అది మొరాయించేది. చివరికి బిళ్ళని ఒక తొడుగులో పెట్టి, తొడుగు లోపలివైపు మెత్తటి గుడ్డ అతికించారు. బిళ్ళ తిరిగినంతసేపూ ఆ గుడ్డ తుడుస్తూనే ఉంటుంది! అలా 1971లో 8 అంగుళాల ఫ్లాపీ వచ్చింది. పట్టేది 80 కిలోబైట్లే. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే పూలబొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టకపోవచ్చు.

1976లో అయిదుంపావు అంగుళాలది, 1981లో సోనీ వారి మూడున్నర అంగుళాలది వచ్చాయి. మనలో చాలామంది చూసింది ఈ చివరిదే, 1.44 ఎంబీది. తొంభైల్లో డీటీపీ సెంటర్లో కొట్టించిన పెళ్ళి పత్రికైనా, కవితా సంపుటైనా ఫ్లాపీలోనే ప్రెస్సుకి వెళ్ళేది.

మా మామయ్యగారు తెలుగు పండితులు. రిటైరయ్యాక ఊరూరా తిరిగి మా వంశవృక్షం రాసి, డీటీపీ చేయించారు. పుస్తకం అచ్చు కాకుండానే పోయారు. రాతప్రతి చెదలపాలైంది. మిగిలినవి ఎనిమిది ఫ్లాపీలు, అటక మీద పాత కంప్యూటరు. సోనీ 2011లోనే ఫ్లాపీల అమ్మకం ఆపేసింది కాబట్టి, ఉన్న డ్రైవునే బాగుచేసుకోవాలి.

స్క్రూలు మా అబ్బాయి విప్పాడు, శుభ్రం చేసింది నేను. లోపల చదివే హెడ్లు రెండు, కిందొకటి, పైనొకటి. పైది సన్నటి స్ప్రింగు రేకు మీద ఉంటుంది. దాన్ని ఎత్తకూడదు, వంగితే ఇక అంతే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి మెల్లగా అద్దితే గోధుమరంగు మరక వచ్చింది. అది దుమ్ము కాదు. ఎప్పుడో ఏ ఫ్లాపీ మీదనుంచో రాలిన ఐరన్ ఆక్సైడ్ పొర, అంటే ఎవరివో అక్షరాలు. ఆ బడ్ పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు.

హెడ్లు జరిగే కడ్డీకి పూసిన గ్రీజు పేరుకున్న నెయ్యిలా గట్టిపడింది. అది తుడిచి కొత్తది, చుక్కంటే చుక్క, రాశాం. ముందుగా పనికిరాని ఫ్లాపీతో చూసుకుని, ఆ తర్వాతే మామయ్యగారివి పెట్టాం. ఒక్కోటీ తీసినప్పుడల్లా మళ్ళీ హెడ్లు తుడిచాను. ఒకదాని మురికి ఇంకోదాన్ని గీకేస్తుంది.

అయిదు చదివాయి. తెరిస్తే తెరనిండా అర్థంలేని గుర్తులు! అవి యూనికోడ్‌కి ముందు ఫాంట్లతో కొట్టినవి. ఆ ఫాంటు ఎక్కించగానే తెలుగు వచ్చింది. అత్తయ్యగారు కుర్చీ వేసుకుని కూర్చుని, తాతముత్తాతల పేర్లన్నీ ఒక్కొక్కటే నాచేత చదివించుకున్నారు. తాతల పేర్లున్నాయి గానీ వాళ్ళ భార్యలవి చాలాచోట్ల లేవు.

“ఆడవాళ్ళవి వేరేగా రాశారమ్మా, నన్నడిగే రాశారు,” అన్నారావిడ.

చదవని మూడింటిలో ఒకదాని లేబుల్ మీద మామయ్యగారి చేతిరాతలో “ఇంటి ఆడపడుచులు, కోడళ్ళు” అని ఉంది. రేకు జరిపి చూస్తే బిళ్ళ మీద తెల్లటి బూజు మచ్చలు. అలాగే పెడితే హెడ్డూ పోతుంది, బిళ్ళా పోతుంది. తొడుగు విప్పి, బిళ్ళని తీసి శుభ్రం చేసి, వేరే ఫ్లాపీ తొడుగులో పెట్టాలట. ముందు రెండు పాత ఫ్లాపీల మీద చెయ్యి తిప్పుకుంటున్నాను. అత్తయ్యగారికి తెలిసిన పేర్లు ఈలోగా నోటుబుక్కులో రాస్తున్నాను, ఇప్పటికి ముప్ఫై ఒకటయ్యాయి.