మట్టిబొమ్మకు కన్నులు

మట్టితో మనుష్యరూపమును మలచువానికి ముక్కు, చెవి, చేయి మట్టితోనే కుదురును. కన్ను మాత్రము కుదరదు. కంటికి ఆకారముతోపాటు తడి, మెఱుపు, చూపు అను మూడు గుణములు గలవు. ఎండిన మట్టికి ఈ మూడును లేవు. ఈ లోటును పూరించుటకు మానవుడు వేలయేండ్లుగా చేసిన యత్నమే మట్టిబొమ్మ కంటి చరిత్ర.

1953వ సంవత్సరమున జెరికో దిబ్బయందు కాత్లీన్ కెన్యన్ అను పురాతత్త్వజ్ఞురాలు సాగించిన త్రవ్వకములలో, గచ్చుతో ముఖములు తీర్చిన మానవకపాలములు బయల్పడెను. అవి సుమారు తొమ్మిదివేల యేండ్ల నాటివి. వాని కనుగుంటలలో గవ్వలును, చిప్పలును పొదుగబడి యున్నవి. చేతితో చేయజాలని మెఱుపును ఆ శిల్పులు సముద్రమునుండి ఎరువు తెచ్చుకొనిరి. మన మొహెంజొదారో మట్టిబొమ్మలలో త్రోవ వేఱు. అచ్చట చిన్న మట్టిబిళ్లలను ముఖమున అద్ది కన్నులనిరి. కన్ను ఇచ్చట నున్నదను గుర్తే గాని అందు పోలిక లేదు.

పోలికను పరాకాష్ఠకు చేర్చినవారు వంగదేశమున నదియా జిల్లాలోని కృష్ణనగరపు కుమ్మరులు. పదునెనిమిదవ శతాబ్దిలో మహారాజు కృష్ణచంద్రుని ఆదరమున అచ్చటి మట్టిపని వర్ధిల్లెను. నిజమైన కంటిని పోలిన కన్ను చేయుటలో మెలకువ యిది: కనుగ్రుడ్డు గుండ్రనిది గనుక, ముందుగా గుంటలో మట్టియుండను అమర్చి, దానిపై పలుచని మట్టిపొరలను రెప్పలుగా కప్పవలెను. పైఱెప్ప కొంచెము ముందుకు వచ్చి కంటిపై నీడ వేయవలెను. నల్లగ్రుడ్డు పైయంచును కొంత మఱుగు చేయవలెను. నల్లగ్రుడ్డు పూర్తిగా కనబడినచో బొమ్మ బెదరినట్లుండును. తుదకు పాపపై ఒక్క తెల్లచుక్క పెట్టినచో వెలుగు పుట్టును.

ఈ బొమ్మలు 1851లో లండను మహాప్రదర్శనమునకు చేరెను. తరువాతి ప్రదర్శనములలోను రైతులు, సాలెవారు, పకీరులు మున్నగువారి ప్రతిమలు మెప్పు పొందెను. కాని ఆ మెప్పులో ఒక వెలితి గలదు. పరిపాలకుల ప్రదర్శనశాలలలో అవి పాలితజాతుల నమూనాలుగా నిలుపబడెను. సజీవములైన కన్నులుండియు, పరులచే చూడబడుటయే వాని పని యయ్యెను.

అదే కుమ్మరుల వంశములవారు పలువురు కలకత్తాలోని కుమార్‌టులి చేరి దుర్గాప్రతిమలు చేసిరి. అచ్చట కంటికి వేఱొక గౌరవము. ప్రతిమ యంతయు సిద్ధమైన పిదపనే కన్నులు తీర్తురు. మహాలయ అమావాస్యనాడు ఆ పని చేయుట సంప్రదాయము. దానికి చక్షుర్దానమని పేరు. ఆ కన్నులు ప్రదర్శనమునకు గాక, భక్తుని చూచుటకై పుట్టినవి. కృష్ణనగరపు శిల్పి గోపేశ్వరపాలు 1924లో లండనులోని వెంబ్లీ ప్రదర్శనమున తన నేర్పు చూపి, తరువాత కుమార్‌టులిలో దేవతాముఖములకు మానుషమైన పోలికను దెచ్చెను. పరులకు చూపుటకై మెఱుగుపడిన విద్య ఇంటి దేవత కంటిలో స్థిరపడెను.

ఇంతటి చరిత్రకు మన యిండ్లలోను ఒక చిన్న సాక్ష్యము గలదు. వినాయకచవితినాడు మట్టివిగ్రహమునకు గురివింద గింజలను కన్నులుగా పెట్టుట తెలుగువారి వాడుక. ఎఱ్ఱని గింజకు నల్లని మచ్చ కనుపాపవలె అమరును. జెరికో శిల్పి సముద్రమును అడిగినదానిని మన పిల్లలు చేనిగట్టు తీగెను అడుగుచున్నారు. అంగడిలో అచ్చుపోసి రంగువేసిన విగ్రహమునకు కన్నులు చక్కగానే యుండును. కాని ఆ కన్నులు పెట్టిన చేయి మనది గాదు. చెఱువుమట్టిని తెచ్చి, బొజ్జను, తొండమును తీర్చి, కడపట రెండు గింజలు అద్దిన బాలునికి, మట్టి తనవైపు చూచిన క్షణ మెట్టిదో తెలియును. ఆ యెఱుకను తరువాతి తరమునకు అందించుట పెద్దల విధి.