చెవి సాక్ష్యము

పాట వినిపించు పరికరములను గూర్చి ఒక వివాదము చిరకాలముగ సాగుచున్నది. ఈ యాంప్లిఫయరులో తీగ నాదము స్పష్టముగ వినబడుచున్నదని ఒకరందురు; దానికిని ప్రక్కదానికిని భేదమే లేదని వేరొకరందురు. ఇరువురును తమ చెవులనే సాక్ష్యముగ చూపుదురు. మరి చెవి చెప్పిన సాక్ష్యమును ఎప్పుడు నమ్మవలెను? ఈ సంగతి తేలుటకు శాస్త్రజ్ఞులకు చాల కాలమే పట్టినది.

థామస్ ఎడిసను సంస్థ 1912లో వజ్రపు ముల్లుతో మ్రోగు గ్రామఫోను రికార్డులను అమ్మకమునకు తెచ్చెను. 1915 మొదలు సుమారు పదేండ్లపాటు అమెరికా పట్టణములలో 'స్వర పరీక్షలు' అను పేర ప్రదర్శనలు జరిపించెను. గాయని యంత్రము ప్రక్కన నిలిచి, తన రికార్డుతోబాటు తానును పాడును. నడుమ నడుమ ఊరకుండును. పిదప దీపములు ఆర్పివేయుదురు. మరల వెలిగించునప్పటికి వేదికపై గాయని యుండదు, పాట మాత్రము సాగుచునే యుండును! సభికులు నివ్వెరపోయెడివారు. 1916లో న్యూయార్కులోని కార్నెగీ హాలులో మేరీ రాపొల్డు అను గాయనితో ఇట్టి ప్రదర్శనయే జరిగినది.

ఆనాటి రికార్డులను నేడు విన్నవారికి ఇది నమ్మదగినదిగ తోచదు. అప్పటికి రికార్డింగులో మైక్రోఫోను వాడుకలోనికి రాలేదు. బూర యెదుట పాడగా ఆ శబ్దశక్తియే సూదిని కదిలించి మైనముపై గాడిని చెక్కెడిది. మిక్కిలి మంద్రధ్వనులుగాని, మిక్కిలి తారధ్వనులుగాని అందులో సరిగ పడెడివి కావు. అట్లయిన శ్రోతలెట్లు భ్రమపడిరి? ఆ ప్రదర్శనలలో పాడిన అన్నా కేస్ అను గాయని చాలకాలమునకు పిమ్మట గుట్టు విప్పెను. తన గొంతును యంత్రపు గొంతుకు సరిపోవునట్లు తగ్గించి పాడెడిదట! యంత్రము మనిషిని అనుకరించుటకు మారుగ మనిషియే యంత్రమును అనుకరించెనన్నమాట. అది ప్రకటనయే కాని పరీక్ష కాదు. సరియైన సమాధానములెన్ని, తప్పులెన్ని యని లెక్క కట్టినవారు లేరు.

లెక్క కట్టినను చిక్కు తీరలేదు. 1945లో అమెరికాలోని కొలంబియా ప్రసార సంస్థకు చెందిన చిన్, ఐసెన్‌బర్గు అనువారు శ్రోతల అభిరుచులను పరిశీలించిరి. తారధ్వనులను కొంత కోసివేసిన సంగీతమునే ఎక్కువమంది కోరుకొనుట వారికి వింతగ కనబడెను. ప్రజలకు సంపూర్ణమైన ధ్వని రుచింపదా యేమి? ఆర్.సి.ఏ. సంస్థ శాస్త్రజ్ఞుడు హ్యారీ ఓల్సను 1947లో ఈ ప్రశ్నకు చక్కని ఉపాయము పన్నెను. లౌడు స్పీకరును తొలగించి, తెర వెనుక నిజమైన వాద్యబృందమునే కూర్చుండబెట్టెను. సెకనుకు 5000 కంపనములకు మించిన ధ్వనులను ఆపివేయు తలుపులవంటి అడ్డులను మధ్య నుంచి, వానిని ఒకసారి తెరచియు, ఒకసారి మూసియు వినిపించెను. ఈసారి మూడింట రెండు వంతులకు మించినవారు తెరచిన ధ్వనినే కోరిరి. అనగా శ్రోతలు పూర్వము తిరస్కరించినది తారధ్వనులను కాదనియు, వానితోబాటు నాటి పరికరములు కలుపుచుండిన వికృతిని కావచ్చుననియు తేలినది. ఈ చరిత్రలో ఇంత సొగసైన ప్రయోగము మరియొకటి లేదని నా అభిప్రాయము.

అయినను 'ఏది బాగున్నది?' అను ప్రశ్నకు తప్పొప్పులు లేవు. 1950లో బెల్ ప్రయోగశాలలకు చెందిన మన్సను, గార్డనరు ప్రశ్ననే మార్చిరి. మొదట 'క' అను ధ్వనిని, పిదప 'ఖ' అను ధ్వనిని వినిపింతురు. మూడవది ఆ రెండింటిలో ఏదో యొకటి. అది ఏదియో శ్రోత చెప్పవలెను. పరికరములను ఈ పద్ధతిని పోల్చుటకు తగిన యంత్రమును డేవిడ్ క్లార్కు 1982లో వివరించెను. ఏది 'క', ఏది 'ఖ' అను సంగతి శ్రోతకే కాదు, ప్రక్కనున్న పరీక్షకునికిని తెలియరాదు. ధ్వని స్థాయియు సమానముగ నుండవలెను. ఒకటి రవంత బిగ్గరగ మ్రోగిన, చెవి దానిని 'బిగ్గర' యనక 'స్పష్టము', 'మధురము' అని మెచ్చుకొనును. అందుచే భేదమును డెసిబెలులో పదవ వంతుకు తగ్గింతురు. అది వోల్టేజిలో సుమారు నూటికి 1.2 వంతులు.

మిగిలినది గణితము. పదిసార్లును కేవలము ఊహతో సరిగ చెప్పుటకు సంభావ్యత 1024లో 1. ఎనిమిదిసార్లు గాని అంతకు మించిగాని సరియగుటకు 1024లో 56. ఇది ఇరువదింట ఒకటికన్న కొంచెము హెచ్చు. కనుక పదింట ఎనిమిది సరిగ చెప్పినవాడు అప్పుడే మీసము దువ్వనక్కరలేదు.

ఈ త్రాసులో తూచగా ఏమి తేలినది? లౌడు స్పీకరుల నడుమ భేదములు నిజముగ వినబడును. కాని అచ్చటను కన్ను చెవిని లోబరచుకొనును. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనువారు తమ సంస్థ ఉద్యోగులు 40 మందికి నాలుగు స్పీకరులను చూపియు, దాచియు వినిపించిరి. చూచి విన్నప్పుడు పెద్దవానికి, ఖరీదైనవానికి మార్కులు పెరిగినవి. స్పీకరును గదిలో చోటు మార్చినప్పుడు ధ్వనిలో వచ్చు నిజమైన మార్పు మాత్రము అంతగ లెక్కకు రాలేదు! సి.డి.ల కంటె హెచ్చు ప్రమాణము గల రికార్డులను మేయరు, మోరాను 2007లో పరీక్షించి, అదే సంగీతమును సి.డి. ప్రమాణమునకు కుదించి పోల్చి చూపిరి. 554 సమాధానములలో సరియైనవి 276. నాణెము ఎగురవేసినను ఇంతే వచ్చును. ఐనను తగవు అంతటితో ముగియలేదు. జాషువా రైస్ 2016లో 18 పరిశోధనలను, 12,500కు పైబడిన సమాధానములను కలిపి చూడగా, సరియైనవి నూటికి 52 మాత్రమే యైనను, సంఖ్య పెద్దదగుటచే దానిని కాకతాళీయమని త్రోసివేయ వీలులేకపోయెను. శిక్షణ పొందిన శ్రోతలలో ఆ భేదము మరికొంత హెచ్చుగ కనబడినది.

పాఠశాలలో దీనిని చేసి చూడదలచిన ఉపాధ్యాయులకు ఒక స్పీకరు, రెండు రకముల తీగలు, ఒక వోల్టు మీటరు చాలును. తీగలు మార్చు విద్యార్థి వేరొక గదిలో నుండి, నాణెమెగురవేసి వరుసను నిర్ణయించుకొని, తన పుస్తకములో వ్రాసికొనవలెను. పది సమాధానములును పూర్తియగువరకు ఆ పుస్తకమును తెరువరాదు.